మెకానిక్ షెడ్డు బిల్లులో కనిపించని లెక్కలు: అపోహలు - వాస్తవాలు

నూజివీడులో ద్విచక్ర వాహనాల మరమ్మతు షెడ్డు నడపడం మొదలుపెట్టి నాకు పద్నాలుగేళ్లయింది. అంతకుముందు తొమ్మిదేళ్లు మరొకరి షెడ్డులో పానా పట్టాను. ఈ వ్యాపారం గురించి బయటివారికి ఉన్న అభిప్రాయాల్లో చాలా వరకు, యజమాని కాకముందు నాకూ ఉన్నవే. అందుకే వాటిని ఒక్కొక్కటిగా సరిచూసుకుంటూ రాస్తున్నాను.

అపోహ: పని బాగా వచ్చినవాడు సొంతంగా షెడ్డు పెడితే డబ్బు దానంతట అదే వస్తుంది.

వాస్తవం: పని రాకపోతే షెడ్డు నిలవదు, నిజమే. కానీ పని వచ్చినంత మాత్రాన నిలుస్తుందన్న హామీ లేదు. జీతానికి ఉన్నప్పుడు రోజంతా నా చేతిలో పానా ఉండేది. ఇప్పుడు పది గంటలు షెడ్డులో ఉంటే, పానా పట్టేది నాలుగు గంటలకు మించదు. మిగిలిన సమయమంతా వచ్చిన బండి ఫిర్యాదు వినడానికి, విజయవాడకు ఫోన్ చేసి పార్టులు చెప్పడానికి, అవి బస్సులో వస్తే దింపుకోవడానికి, ఆటోనగర్‌లో లేత్ పనికి పంపిన సిలిండర్ బోరు ఎప్పటికి తయారవుతుందో కనుక్కోవడానికి, బాకీలు అడగడానికి సరిపోతుంది. మొదటి ఏడాది నేను చేతికి వచ్చిన కూలినే ఆదాయమనుకున్నాను. అద్దె, కరెంటు, కంప్రెసర్ మరమ్మతు, పార్టులు కడిగే పెట్రోలు, వేస్టు గుడ్డ, కుర్రాడి జీతం, వీటిలో ఏదీ నా కూలి రేటులో లేదు. దసరాకు పానాలన్నిటికీ పసుపు, కుంకుమ పెట్టి పూజ చేశాక కూర్చుని లెక్క చూస్తే, పాత యజమాని ఇచ్చిన జీతం కంటే తక్కువ మిగిలిందని తేలింది.

అపోహ: స్పేరు పార్టుల మీదే అసలు దోపిడీ ఉంటుంది.

వాస్తవం: ప్యాకెట్టు మీద ముద్రించిన గరిష్ఠ చిల్లర ధర కంటే ఒక్క రూపాయి ఎక్కువ తీసుకున్నా అది చట్టవిరుద్ధం. హోల్‌సేల్ దుకాణం మాకు ఇచ్చే తగ్గింపే మా లాభం. ఆ లాభంలోంచే, అమ్ముడుపోక అరలో మిగిలిపోయే సరుకు నష్టాన్ని భరించాలి. కంపెనీ ఆపేసిన ఒక మోడలుకు చెందిన బ్రేక్ షూలు, కేబుళ్లు నా దగ్గర ఇంకా ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి, అప్పటిదాకా 28 శాతం జీఎస్టీ ఉన్న విడిభాగాలు 18 శాతానికి వచ్చాయి. కొనేవారికి అది మేలే. అయితే జీఎస్టీ నమోదు లేని నాలాంటి చిన్న షెడ్డుకు, పాత పన్ను కట్టి కొన్న సరుకుపై తిరిగి వచ్చేదేమీ ఉండదు. పక్క దుకాణంలో కొత్త ధర కనిపిస్తుంటే, నా అరలోని పార్టును పాత ధరకు ఎవరూ కొనరు.

మా వృత్తిలో మోసం లేదని నేను చెప్పబోవడం లేదు. డూప్లికేట్ పార్టు వేసి ఒరిజినల్ ధర తీసుకునేవారు ఉన్నారు. నకిలీ క్లచ్ ప్లేట్లు వేస్తే ఏమవుతుందో ఒకసారి ఇంజన్ విప్పి చూపిస్తే ఎవరికైనా అర్థమవుతుంది: ప్లేటు మీద అతికించిన ముక్కలు ఊడి ఆయిల్లో కలుస్తాయి, అడుగునున్న జల్లెడ నల్లటి పిప్పితో మూసుకుపోతుంది, ఆయిలు పైకి ఎక్కదు, చివరికి తల పట్టుకునేది బండి యజమాని. అందువల్ల కొత్త ప్యాకెట్టును యజమాని ఎదుటే చింపి, విప్పిన పాత పార్టును అదే ప్యాకెట్టులో పెట్టి ఆయన చేతికి ఇస్తాను. ఆన్‌లైన్‌లో కొని తెచ్చిన పార్టులు కూడా బిగిస్తాను, కానీ వాటికి పూచీ నాది కాదని బిల్లు మీద రాస్తాను. దీని వల్ల నొచ్చుకున్నవారూ లేకపోలేదు.

అపోహ: పది నిమిషాల పనికి వందలకు వందలు తీసుకుంటారు.

వాస్తవం: మాకూ బండి యజమానులకూ ఎక్కువగా మాట తేడా వచ్చేది ఇక్కడే. గత వానాకాలంలో ఒక ఉపాధ్యాయుడు తన బండి దారిలో ఉన్నట్టుండి ఆగిపోతోందని తెచ్చారు. అప్పటికే రెండు చోట్ల చూపించారు. ఒకచోట ప్లగ్గు మార్చారు, మరొకచోట బ్యాటరీ మార్చారు. స్టాండు మీద ఉంచి గంటసేపు నడిపినా బండి ఆగలేదు. తాళం తిప్పగానే ఫ్యూయల్ పంపు రెండు సెకన్లు గుయ్యిమంటోంది కాబట్టి పంపు పని చేస్తున్నట్టే. బ్యాటరీ వోల్టేజీ సరిగ్గానే ఉంది, సైడు స్టాండు స్విచ్ బాగానే ఉంది. ట్రయల్‌కు తీసుకెళితే మూడుసార్లు ఆగింది, మూడుసార్లూ కుడివైపు మలుపులోనే. షెడ్డుకు తెచ్చి, ఇంజన్ నడుస్తుండగా హ్యాండిలును కుడివైపు చివరిదాకా తిప్పితే ఆగిపోయింది. ట్యాంకు విప్పి చూస్తే, హ్యాండిలు తిరిగే మెడ దగ్గర వైర్ల కట్ట ఫ్రేముకు రాసుకుని, ఒక వైరు తొక్క ఊడి రాగి బయటపడి ఉంది. సోల్డర్ వేసి, స్లీవు తొడిగి, కట్టను కొంచెం పక్కకు తప్పించి కట్టడానికి పట్టింది నిజంగానే పది నిమిషాలు. దాన్ని కనిపెట్టడానికి పట్టింది మూడు గంటలు. ఆరు వందలు అడిగితే, "వైరు ముక్కకు ఆరు వందలా మేస్త్రీ?" అన్నారాయన. అనవసరంగా మార్చిన బ్యాటరీకి అంతకు రెట్టింపు ఇచ్చి ఉంటారు, కానీ అక్కడ చేతికి ఒక వస్తువు వచ్చింది.

ఆ రోజు నుంచి బిల్లులో "చెకింగ్" అని విడిగా ఒక వరుస రాస్తున్నాను, బండి విప్పకముందే ఆ మొత్తం చెబుతున్నాను. లోపం దొరకకపోతే అందులో సగమే తీసుకుంటాను. ఇక నేను చేసిన పనే చెడి బండి తిరిగి వస్తే పైసా తీసుకోకుండా మళ్లీ చేయాలి. ఆ పూట వచ్చే వేరే పనంతా పోయినట్టే.

అపోహ: బీఎస్-6 బండ్లు వచ్చాక చిన్న షెడ్ల పని అయిపోయింది.

వాస్తవం: 2020 ఏప్రిల్ 1 నుంచి, బండి పొగలోని కాలుష్యానికి హద్దు పెట్టే బీఎస్-6 ప్రమాణాలు అమల్లోకి వచ్చి, కొత్త బండ్లలో కార్బురేటర్ స్థానాన్ని, కంప్యూటరు లెక్క ప్రకారం పెట్రోలు చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ ఆక్రమించినప్పుడు నేనూ భయపడ్డాను. నేర్చుకోవలసింది నిజంగానే చాలా ఉంది. బండి కంప్యూటరులోని లోపం కోడును చదివే స్కానర్ కొనక తప్పలేదు. అయితే కొన్ని మోడళ్లలో మీటరు మీది ఇంజన్ లైటు ఎన్నిసార్లు పొడుగ్గా, ఎన్నిసార్లు పొట్టిగా మిణుకుతుందో లెక్కపెడితే లోపం కోడు తెలుస్తుంది. టైర్లు, చైను, బ్రేకులు, బేరింగులు మాత్రం ఏ ప్రమాణం వచ్చినా అరుగుతూనే ఉంటాయి.

అపోహ: బయటి షెడ్డులో చేయి పెట్టిస్తే వారంటీ పోయినట్టే.

వాస్తవం: ఇది సగం నిజం. ఉచిత సర్వీసులు కంపెనీ సర్వీసు కేంద్రంలోనే చేయించాలన్న షరతు వారంటీ పుస్తకంలో ఉంటే దాన్ని పాటించడమే మంచిది. వారంటీలో ఉన్న ఇంజన్ సమస్యను నేనే అక్కడికి పంపిస్తాను. కార్ల విషయంలో మాత్రం ఒక సంగతి చెప్పుకోవాలి. విడిభాగాలను, మరమ్మతు సమాచారాన్ని బయటి గ్యారేజీలకు అందకుండా చేస్తున్నారని 2014 ఆగస్టులో, వ్యాపారంలో పోటీని అణచకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలపై 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. వ్యవహారం ఆ తర్వాత అప్పీళ్లకు వెళ్లింది.

అపోహ: షెడ్డు నిండా బండ్లు ఉన్నాయంటే యజమాని బాగా సంపాదిస్తున్నట్టు.

వాస్తవం: నా షెడ్డులో నిలబడి ఉన్న బండ్లలో సగం పార్టుల కోసమో, డబ్బు కోసమో ఎదురుచూస్తున్నవే. ఒక పాత బండిని దాని యజమాని ఏడాదిన్నర క్రితం ఇంజన్ పనికి ఇచ్చి, అంచనా విన్నాక మళ్లీ రాలేదు. అమ్మే హక్కు నాకు లేదు, దాన్ని పక్కకు జరుపుకుంటూ పని చేసుకుంటున్నాను. అరువు సంగతి వేరే చెప్పాలి. మాది మామిడి ఊరు. సంక్రాంతి దాటాక తోటల రైతులు బండి బాగు చేయించుకుని, "కాయ దిగాక ఇస్తాను" అంటారు. కాదనలేము, ఎందుకంటే వారు ఇచ్చే మాటలో అబద్ధం ఉండదు. కానీ పూతకు తేనెమంచు పురుగు పట్టినా, మే నెలలో గాలివాన వచ్చి కాయ రాలినా, ఆ బాకీ మరో పంట దాకా పుస్తకంలోనే ఉంటుంది. విజయవాడలో నాకు పార్టులిచ్చే వ్యాపారికి మామిడి లెక్కలు పట్టవు. ఆయనకు నెల తిరిగేసరికి డబ్బు కావాలి. పూచీకత్తు అడగని ముద్రా రుణం తీసుకున్నది కంప్రెసర్, స్కానర్ కోసమని అందరూ అనుకుంటారు. నిజానికి అందులో సగం ఈ సందు పూడ్చడానికే పోయింది.

అపోహ: పాత ఆయిలు కూడా అమ్ముకుని సొమ్ము చేసుకుంటారు.

వాస్తవం: దాని మీద వచ్చేది టీ ఖర్చుకు సరిపోతుంది. వాడిన ఆయిలు 2016 నాటి నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం, కాలువలో పోయడానికి వీల్లేదు. డ్రమ్ములో నింపి, అనుమతి ఉన్నవారికే ఇవ్వాలి.

అపోహ: కుర్రాళ్లు తక్కువ జీతానికి ఎంతమందైనా దొరుకుతారు.

వాస్తవం: నేను పదమూడో ఏట షెడ్డులో చేరాను; ఇప్పుడు పద్నాలుగేళ్లు నిండని పిల్లలను పనిలో పెట్టుకోవడం నేరం, అలా ఉండడమే న్యాయం. ఐటీఐ చదివి వచ్చినవారు కంపెనీ సర్వీసు కేంద్రాల వైపు చూస్తారు. మిగిలినవారికి మూడేళ్లు పని నేర్పితే, వాళ్లు మన వీధిలోనే సొంత షెడ్డు తెరుస్తారు. నా దగ్గర నేర్చుకున్నవాడు ఒకడు నా ఎదురుగానే పెట్టాడు, నా దగ్గరికి వచ్చే కొన్ని బండ్లు ఇప్పుడు అటు వెళుతున్నాయి. ఇంజన్ పక్కనుండే మాగ్నెట్‌ను ఊడదీసే పుల్లరు కావాలంటే మాత్రం ఇప్పటికీ నా దగ్గరికే వస్తాడు. అద్దె తీసుకోను కానీ, సాయంత్రానికి తుడిచి తిరిగి ఇమ్మంటాను.