తోడు

చిన్నీకి, బాబీకి తాతయ్య దీవెనలు.

పోయిన ఆదివారం ఫోన్లో చిన్నీ అడిగిన ప్రశ్న వారం నుంచీ నా బుర్ర తొలిచేస్తోంది. "దేవుడు అన్నిచోట్లా ఉన్నాడంటావు కదా తాతయ్యా. మరి నాన్న బండి తీసే ముందు రోజూ 'ప్రభువా, మాకు తోడుగా ఉండు' అంటాడెందుకు? అప్పటికే ఉన్నాడుగా!"

చర్చి అయ్యగారిని అడిగితే పెద్ద పెద్ద మాటల్లో చెబుతారు. నాకవి రావు. నాకొచ్చింది పాలగిన్నె సంగతి.

పక్కనుండే మనిషినీ తోడంటాం, పాలల్లో వేసే పెరుగునీ తోడే అంటాం. పెరుగు గిన్నె అదే వంటింట్లో, పాలకి జానెడు దూరంలోనే ఉంటుంది. ఒకే ఇంట్లో ఉన్నంత మాత్రాన పాలు తోడుకోవు. ఎవరో ఒకరు చెంచా ముంచాలి.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఓ రోజు పిల్లి మా ఉట్టి మీది పెరుగుముంత దొర్లించేసింది. అమ్మ చిన్న గిన్నె చేతికిచ్చి పక్కింటి పిన్నిగారి దగ్గరికి పంపింది. దీపాలు పెట్టాక పెరుగు ఇవ్వకూడదని వాళ్ళ పట్టింపు. ఆవిడ కాసేపు ఆలోచించి, "ఇది పెరుగు కాదులే, తోడేగా" అని తనకు తనే సర్దిచెప్పుకుని రెండు చెంచాలు వేసింది. గడ్డపెరుగు, పైన దాలిలో కాగిన ఎర్రటి మీగడ! రెండిళ్ళకీ మధ్య ఇరవై అడుగులుంటుందేమో. ఆ ఇరవై అడుగుల్లో వేలితో నాకడం మొదలుపెట్టి, గుమ్మం ఎక్కేసరికి గిన్నె తళతళలాడించేశాను. అమ్మ చూడకుండా ఉత్త చెంచా పాలల్లో తిప్పి మూత పెట్టేశాను.

తెల్లారి మూత తీస్తే నీళ్ళు వేరు, తెల్లముక్కలు వేరు. అమ్మ తిట్టలేదు. నా మొహంకేసి చూసి, "తోడు ఏ దారిన పోయిందిరా?" అంది. అంతే.

ఇప్పటికీ నా ప్రార్థనలు కొన్ని ఆ ఉత్త చెంచాలాంటివే. తిప్పడం మాత్రం బాగా తిప్పుతాను.

అమ్మకి తీరిగ్గా మోకరించే వీలెక్కడిది? పొయ్యి దగ్గరే పెదాలు కదిలేవి, చెయ్యి గరిట తిప్పుతుండేది. పెద్దయ్యాక బ్రదర్ లారెన్స్ గురించి చదివినప్పుడు అమ్మే కళ్ళముందు మెదిలింది. ఆయనది 1600ల నాటి ఫ్రాన్సు. యుద్ధంలో కాలు దెబ్బతిన్న సిపాయి. పారిస్‌లో మఠంలో చేరితే వంటగది అప్పజెప్పారు. వంటపనంటే ఆయనకి బొత్తిగా గిట్టదు. అయినా ఏళ్ళ తరబడి చేశాడు, పెనం మీద కోడిగుడ్డు అట్టు తిరగేసినా దేవుడి మీద ప్రేమతోనే అంటూ. మోకాళ్ళ మీద ఉన్నప్పటి నెమ్మదే గిన్నెల చప్పుళ్ళ మధ్యా ఉండేదట. 1691లో పోయాడు.

మీరు అట్లు వెయ్యక్కర్లేదు. బడి గేటు దగ్గర ఒక్క మాట. చెల్లి మీద చెయ్యెత్తబోయే ముందు ఒక్క మాట, బాబీ! "ప్రభువా, రా" అన్నాక ఆ చెయ్యి దిగడం కష్టం. ప్రయత్నించి చూడు.

ఎమ్మాయు అనే ఊరికి పోయే ఇద్దరు శిష్యుల పక్కనే, చనిపోయి లేచిన యేసు నడిచాడు కదా. ఆమడ దూరం ప్రయాణం. తీరా ఊరు దగ్గరపడ్డాక ఇంకా ముందుకు వెళ్ళబోతున్నట్టు కనిపించాడు. పొద్దు గుంకింది, మాతో ఉండు అని వాళ్ళు బలవంతం చేస్తేనే లోపలికి వచ్చాడు. దారంతా పక్కనే ఉన్నవాడు గడప దగ్గర పిలుపు కోసం ఆగాడు. చిన్నీ, నీ ప్రశ్నకి నాకు తెలిసిన జవాబు ఇంతే.

ఈ పెరుగు పోలిక ఇంకాస్త సాగదీద్దామనుకున్నాను. పాలు మరీ వేడిగా ఉంటే తోడు చెడుతుంది, చల్లారిపోతే తోడుకోదు, మన మనసూ నులివెచ్చగా ఉండాలి అని రాయబోయి కలం ఆపేశాను. బైబిల్లో ప్రకటన గ్రంథం 3వ అధ్యాయంలో లవొదికయ ఊరి సంఘం వాళ్ళు నులివెచ్చగా ఉన్నారనే కదా ప్రభువు ఉమ్మేస్తానన్నది! మీ నాయనమ్మ పక్కన కూచుని ఒకటే నవ్వు. సరే, నా పోలిక అక్కడ విరిగింది. కానీ చూడండి, 16వ వచనంలో ఉమ్మేస్తానన్నవాడే 20వ వచనంలో తలుపు దగ్గర నిలబడి తడుతున్నాడు. అదెలాంటి ప్రేమో నాకీ వయసుకీ అంతుపట్టలేదు.

మీ ఇంట్లో పెరుగు ప్యాకెట్లోంచి వస్తుందని తెలుసు. ఈ రాత్రికి అమ్మని అడిగి గిన్నెడు పాలు కాచించుకోండి. వేలు పెడితే ఓర్చుకునేంత వేడికి రానిచ్చి, ఆ ప్యాకెట్టు పెరుగే ఒక చెంచా వెయ్యండి. మూత పెట్టాక కదపకండి. పొద్దున్నే గిన్నె కొంచెం పక్కకి వంచి చూడండి. ఏ క్షణాన తోడుకుందో మీలో ఎవరైనా కనిపెట్టగలిగితే నాకు ఉత్తరం రాయండి.

మీ
తాతయ్య