నాస్తికుడు, పాషండుడు, దైవదూషణ: కొన్ని అపోహలు, వాస్తవాలు

చెన్నైలో హైకోర్టుకు దగ్గరలో కూర్చుని తెలుగు, తమిళం, ఇంగ్లీషు కాగితాలను అనువదించడం నా వృత్తి. దస్తావేజులు, వీలునామాలు, ఫిర్యాదులు, వాంగ్మూలాలు వస్తుంటాయి. మతాన్ని కించపరిచారని రాసిన చోట మాత్రం నా కలం చాలాసేపు ఆగుతుంది. నాస్తికత ఒక అభిప్రాయం, దూషణ ఒక మాట, అపచారం ఒక చేత. మూడింటినీ ఒకే గాటన కట్టేస్తే చేయని నేరం ఎవరో ఒకరి మెడకు చుట్టుకుంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: నాస్తికుడంటే దేవుడు లేడనేవాడు.

వాస్తవం: ఈనాటి వాడుకలో అంతే. పాత గ్రంథాల్లో అలా కాదు. వ్యాకరణకర్త పాణిని ఈ పదాన్ని సాధించిన సూత్రానికి (4.4.60) కాశికావృత్తి అనే పాత వ్యాఖ్య చెప్పిన అర్థం ప్రకారం పరలోకం ఉందనేవాడు ఆస్తికుడు, లేదనేవాడు నాస్తికుడు. అక్కడ దేవుడి ప్రసక్తే లేదు. మనుస్మృతి (2.11) కొలమానం వేరు: ‘నాస్తికో వేదనిందకః’. వేదాన్ని నిందించేవాడు నాస్తికుడు. ఈ రెండు కొలతలూ పక్కపక్కన పెడితే విచిత్రమైన ఫలితం వస్తుంది. జైన బౌద్ధాలు కర్మను, పునర్జన్మను ఒప్పుకుంటాయి కాబట్టి మొదటి లెక్కలో ఆస్తికం, రెండో లెక్కలో నాస్తికం. సృష్టికర్త అవసరం లేదన్న పూర్వమీమాంసకులు వేదానికి గట్టి కాపలాదారులు, అందుచేత ఆస్తికులే. ఈశ్వరుణ్ణి ప్రస్తావించని సాంఖ్య దర్శన గ్రంథం సాంఖ్యకారికలదీ అదే వరుస. కాబట్టి పాత వ్యాఖ్యానంలో ‘నాస్తికుడు’ కనబడితే ముందు అడగవలసింది ఒకటే: దేన్ని కాదన్నాడు?

ఇంకో సంగతి. మనువు అదే శ్లోకంలో, హేతుశాస్త్రాన్ని ఆశ్రయించి శ్రుతిస్మృతులను అవమానించే ద్విజుణ్ణి వెలివేయమంటాడు. అప్పట్లో నింద మోసిన ఆ ‘హేతువు’నే ఇప్పుడు హేతువాదులు గౌరవంగా పేరులో పెట్టుకున్నారు. నాస్తికుడన్న పేరునూ తలెత్తుకుని చెప్పుకున్నవారున్నారు. విజయవాడ నాస్తిక కేంద్రాన్ని నడిపిన గోరా దాన్ని తన ఉద్యమానికే పేరుగా పెట్టారు.

అపోహ: పాషండుడు అనేది పుట్టుకతోనే తిట్టు.

వాస్తవం: కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుడి ప్రధాన శిలాశాసనాలున్నాయి. ఏడో శాసనంలో అన్ని ‘పాసండ’లూ అన్ని చోట్లా నివసించాలని, పన్నెండోదానిలో ఎదుటివారి పాసండను కూడా గౌరవించాలని రాజు కోరతాడు. అక్కడ ఆ పదానికి మత సంప్రదాయం అనే అర్థం. తరవాతి పురాణాల్లో, స్మృతుల్లో అదే ‘వేదబాహ్యుడు, దొంగ వేషధారి’గా దిగజారింది. శైవుడికి జైనుడు పాషండుడు, వైష్ణవుడికి మరొకడు. ఈ పదం ఎదుటివాడి నమ్మకం గురించి చెప్పేదానికంటే, అన్నవాడు ఏ పక్షమో ఎక్కువగా చెబుతుంది.

అపోహ: మన చట్టంలో దైవదూషణ నేరం.

వాస్తవం: ఆ పేరుతో నేరం లేదు. ‘దేవదూషణ’ మనకు బాగా పరిచయమైంది తెలుగు బైబిలు ద్వారా. పత్రికలు ‘దైవదూషణ చట్టం’ అని రాసేది ఎక్కువగా పాకిస్తాన్ గురించి. అక్కడి శిక్షాస్మృతిలో 295-సి సెక్షన్‌ను 1986లో చేర్చారు. ఇక్కడి శిక్షాస్మృతి (ఐపీసీ)లోకి 1927లో వచ్చిన 295-ఎ సెక్షన్, దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇప్పుడు 299. అది శిక్షించేది ఒక వర్గం మతభావాలను ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో గాయపరచడాన్ని. పొరపాటునో అజాగ్రత్తగానో చేసిన అవమానం దీని కిందికి రాదని 1957లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ‘మనోభావాలు దెబ్బతిన్నాయి’ అని వార్త రాయడం తేలిక. ఆ ఉద్దేశాన్ని రుజువు చేయడం వేరే పని.

తమిళనాడుకే చెందిన ఒక కేసు ప్రతి అనువాదకుడూ చదవాలి. 1953లో తిరుచిరాపల్లిలో నాస్తిక ఉద్యమ నాయకుడు పెరియార్ బహిరంగంగా మట్టి వినాయక ప్రతిమను పగలగొట్టారు. పవిత్ర వస్తువును ధ్వంసం చేశారని అప్పటి శిక్షాస్మృతి 295వ సెక్షన్ కింద ఫిర్యాదు. మట్టిబొమ్మ పవిత్ర వస్తువు కాదని కింది కోర్టు కొట్టేసింది, మద్రాసు హైకోర్టూ జోక్యం చేసుకోలేదు. 1958లో సుప్రీంకోర్టు ఆ అన్వయం తప్పంది. ఏ వర్గమైనా పవిత్రంగా భావించే వస్తువు ఎంత అల్పమైనదైనా, గుడిలో పూజలందుకోకపోయినా సరే, సెక్షన్ వర్తిస్తుందని చెప్పింది. చాలాకాలం గడిచిందని కేసును మాత్రం మళ్ళీ తెరవలేదు. గమనించండి: ఆ కేసులో విచారణకు వచ్చింది పగిలిన ప్రతిమ. ‘దేవుడు లేడు’ అనే అభిప్రాయం కాదు. పెరియార్ విగ్రహాల పీఠాల మీద దేవుడు లేడని చెక్కిన వాక్యాలను తొలగించాలన్న పిటిషన్‌ను మద్రాసు హైకోర్టు 2019లో కొట్టివేసింది.

అపోహ: అపచారమన్నా దైవదూషణన్నా ఒకటే.

వాస్తవం: పెరంబూరు వైపు ఒక అపార్టుమెంటులో గొడవ. తెలుగులో రాసిన ఫిర్యాదు నా బల్ల మీదికి వచ్చింది: ‘చవితి మండపంలోకి చెప్పులతో వచ్చి, కలశం పక్కనే సిగరెట్టు ఆర్పి అపచారం చేశాడు.’ వెంట వచ్చిన ఇంగ్లీషు చిత్తుప్రతిలో ఆ చివరి ముక్కకు బ్లాస్ఫెమీ (దైవదూషణ) అని పెట్టారు. అతను దేవుణ్ణి ఒక్క మాట అన్నట్టు ఆ ఫిర్యాదులోనే లేదు. నేను చెప్పులు, సిగరెట్టు, కలశం ఉన్నవి ఉన్నట్టు రాసి, అపచారాన్ని ‘పూజా మర్యాదకు భంగం’ అని వివరించాను. ఆ ఒక్క మాట మారితే మొత్తం ఫిర్యాదు రంగే మారుతుంది.

శ్రీవైష్ణవంలో ఈ పదానికి ఎంత సూక్ష్మమైన విభజన ఉందో చూస్తే ముచ్చటేస్తుంది. పిళ్ళై లోకాచార్యుల శ్రీవచనభూషణం భగవదపచారం (భగవంతుడి పట్ల), భాగవతాపచారం (భక్తుడి పట్ల), అసహ్యాపచారం (కారణం లేకుండానే చేసేది) అని వేరుచేస్తుంది. భక్తుడి పట్ల చేసిన అపచారం భగవంతుడి పట్ల చేసినదానికంటే ఘోరం.

అపోహ: దేవుణ్ణి తిడితే భక్తి లేనట్టే.

వాస్తవం: నిందాస్తుతి అని మనకు ఒక సంప్రదాయమే ఉంది. గోల్కొండ చెరసాలలో రామదాసు సీతమ్మ చింతాకు పతకానికి పదివేలు పట్టాయని లెక్కచెప్పి, ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నావని రాముణ్ణి నిలదీశాడు. ఎవరైనా అటువంటి ఒక్క చరణం చీటీ మీద రాసి తెచ్చి, ఇది దూషణ అని అనువదించి ఇమ్మంటే నేను పాట మొత్తం తెమ్మంటాను. దెబ్బలకు ఓర్వలేక తిట్టానే గాని ఆయాసపడవద్దని రామదాసు రాముణ్ణి వేడుకున్నదీ ఆ పాటలోనే.