ఫైల్ ఓపెన్ అవ్వకపోతే కర్నెల్‌ని తిట్టేముందు: కొన్ని అపోహలు - వాస్తవాలు

లినక్స్ కర్నెల్‌లో (సిస్టమ్‌కి గుండెకాయలాంటి ప్రోగ్రామ్) ఫైల్‌సిస్టమ్ కోడ్ మీద, అంటే డిస్క్‌లో ఫైళ్ళని అమర్చే భాగం మీద పనిచేస్తానని తెలిస్తే చాలు, ఎవరో ఒకరు స్క్రీన్‌షాట్ పంపి "ఇది లినక్స్ బగ్గే కదా అన్నా" అంటారు. చాలాసార్లు కాదు.

అపోహ: చదవడానికి రాట్లేదంటే పర్మిషన్ గొడవే, చ్‌మాడ్ 777 (అందరికీ అన్ని పర్మిషన్లూ ఇచ్చే కమాండ్) కొడితే సరి.

వాస్తవం: బాబూ, ముందు ఎర్రర్ చదవండి. పర్మిషన్ డినైడ్ అంటే 13వ నంబరు, దాని సంగతి వేరు. ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్ అంటే 5, మామూలుగా డిస్క్ ఆ బ్లాక్ (డేటా ఉండే చిన్న ముక్క) ఇవ్వలేకపోయిందని. స్ట్రక్చర్ నీడ్స్ క్లీనింగ్ అంటే 117, బ్లాక్ వచ్చింది గానీ లోపలున్నది నమ్మేలా లేదు. ఈ రెండిట్లో రూట్ (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) అయినా చేసేదేం లేదు. ఫైళ్ళ జాబితా చూపే ఎల్ఎస్ -ఎల్ కొడితే ఫైల్ పేరు వచ్చి సైజూ డేటూ ఉండాల్సిన చోట అన్నీ ప్రశ్నార్థకాలే కనిపించాయనుకోండి, పేరు డైరెక్టరీ బ్లాక్‌లో ఉంటుంది కాబట్టి వచ్చింది, మిగతావన్నీ ఐనోడ్‌లో (ఫైల్ వివరాలూ దాని బ్లాక్ నంబర్లూ ఉండే రికార్డు) ఉంటాయి, అదే దొరకట్లేదు.

అపోహ: ఉన్నంతవరకు ఇవ్వొచ్చుగా, కర్నెల్‌కి ఎందుకంత మొండితనం?

వాస్తవం: ఇస్తుంది. పాడైన బ్లాక్ దాకా వచ్చిన డేటా రీడ్ కాల్‌లో ఇచ్చేసి తర్వాతి కాల్‌కి 5 ఇస్తుంది, అక్కడితో ఆగిపోయేది ఫైల్ కాపీ చేసే సీపీ కమాండ్. నిజంగా మొండికేసేది మెటాడేటా (ఐనోడ్‌లాంటి, ఫైళ్ళ గురించిన లెక్కలు) దగ్గర, అక్కడ వేయాలి కూడా. ఐనోడ్‌లో తప్పు బ్లాక్ నంబరు ఉంటే, దాన్ని నమ్మి రాస్తే మీ రాత పక్కవాడి ఫైల్ మీద పడుతుంది, అప్పుడు ఒక ఫైల్ పోవాల్సింది రెండు పోతాయి. అందుకే 2012లో 3.5 కర్నెల్‌తో లినక్స్‌లో బాగా వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌కి మెటాడేటా చెక్‌సమ్ (తేడా వస్తే పట్టుకునే సరిచూపు సంఖ్య) వచ్చింది, ఎర్రర్ కనబడితే రీడ్-ఓన్లీకి మార్చే మౌంట్ ఆప్షన్ అంతకుముందే ఉంది.

కానీ ఈఎక్స్‌టీ4లో ఫైల్ లోపలి డేటాకి చెక్‌సమ్ లేదు. ఫొటోలో ఒక బిట్ తిరగబడినా డిస్క్ బానే ఉందంటే కిక్కురుమనకుండా ఇచ్చేస్తుంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్‌సిస్టమ్‌లో డేటాకీ ఉంటుంది, తేడా వస్తే ఇంకో కాపీ వెతుకుతుంది, ఉంటే అందులోంచి ఇస్తుంది, లేకపోతే 5. దానికే జనం "బీటీఆర్‌ఎఫ్‌ఎస్ నా ఫైల్ పాడుచేసింది" అంటారు, పాడైన సంగతి చెప్పిన పాపానికి!

అపోహ: ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్‌సిస్టమ్‌ని తనిఖీ చేసి సరిచేసే టూల్) రన్ చేస్తే ఫైల్ తిరిగొస్తుంది.

వాస్తవం: అది చూసేది లెక్కలు కుదిరాయా లేదా అని, మీ డేటా ఏమైందని కాదు. లెక్క కుదరడానికి ఫైల్‌ని కోసేయొచ్చు, లాస్ట్ ప్లస్ ఫౌండ్ అనే ఫోల్డర్‌లో నంబరు పేరుతో పడేయొచ్చు. చచ్చేలా ఉన్న డిస్క్ మీద అది రాతలు రాయడం మొదలుపెడితే ఇంకా దారుణం.

అపోహ: సిస్టమ్ నిమిషాల తరబడి బిగుసుకుపోయిందంటే ఫైల్‌సిస్టమ్ లూప్‌లో పడినట్టే.

వాస్తవం: ఎక్కువగా డ్రైవే ఆ సెక్టర్‌ని మళ్ళీమళ్ళీ చదవడానికి తంటాలు పడుతుంటుంది. కర్నెల్ ఒక్కో కమాండ్‌కి మామూలుగా 30 సెకన్లు చూసి, రీసెట్ చేసి, మళ్ళీ అడుగుతుంది. డీమెసెజ్ (కర్నెల్ మెసేజ్‌లు చూపే కమాండ్) చూస్తే అర్థమైపోతుంది.

అలాంటప్పుడు ముందు అన్‌మౌంట్ చేసి పాడైన డిస్క్‌ని కాపీ తీసే డీడీరెస్క్యూ టూల్‌తో మొత్తం ఇమేజ్ (డిస్క్‌కి పూర్తి నకలు) వేరే డిస్క్‌కి తీయండి, ఎంతవరకు చదివిందో రాసుకునే మ్యాప్ ఫైల్ ఇస్తే మధ్యలో ఆగినా అక్కడి నుంచే మొదలవుతుంది. ఎఫ్‌ఎస్‌సీకే ప్రయోగాలన్నీ ఆ ఇమేజ్‌కి ఇంకో కాపీ తీసుకుని దాని మీద చేసుకోండి.