గోడ బద్దలైతేనే రంగు

రాతి గుంటలో నిలిచిన వాన నీరు కొన్నాళ్లు పచ్చగా ఉండి, ఎండలకు ఇంకిపోయాక తుప్పు మరకలాంటి ఎర్రటి పొరను మిగల్చడం కొన్నిచోట్ల చూస్తాం. చాలాసార్లు అది హెమటోకాకస్ ప్లూవియాలిస్ అనే సూక్ష్మశైవలం, అంటే కంటికి ఆనని నాచు, పని. నీరున్నంత కాలం రెండు తోకలతో ఈదే పచ్చటి కణం అది. నీరో నత్రజనో కరవైతే, ఎండ మండిపడితే, తోకలు వదిలేసి గుండ్రంగా ముడుచుకుంటుంది. చుట్టూ దళసరి గోడ కట్టుకుని లోపల అస్టాజాంతిన్ నింపుకుంటుంది. ఎండు బరువులో 4 శాతం దాకా పేరుకునే ఈ ఎర్ర రంగే దానికి ఎండ నుంచి రక్ష. మనకు కావలసిన యాంటీఆక్సిడెంటూ అదే.

1938లో రసాయన శాస్త్రవేత్త రిచర్డ్ కూన్ ఈ రంగును లాబ్‌స్టర్ నుంచి వేరుచేశారు. దానికి గిరాకీ పెరిగింది మాత్రం 1980ల్లో, సాల్మన్ పెంపకంతో. పెంపకపు చేప మాంసానికి ఆ గులాబీ రంగు మేత నుంచే రావాలి. మేతకు చవకైన కృత్రిమ రంగు సరిపోయింది. సహజమైనదే కావాలన్నది ఆరోగ్య మాత్రల మార్కెట్టు. చిక్కంతా అక్కడే మొదలైంది. ఉప్పు మడులను ఎర్రబరిచే డునాలియెల్లా అనే మరో శైవలానికి గట్టి గోడ లేదు కనుక దాని రంగు, బీటా కెరోటిన్, సులువుగానే చిక్కుతుంది. హెమటోకాకస్ గోడ ఆమ్లాలకు కూడా ఓ పట్టాన లొంగదు.

అందుకే ముందు చిన్న పూసలతో కలిపి గిరగిరా తిప్పి కణాలను పగలగొడతారు. ఆ తర్వాత అసిటోన్ లాంటి ద్రావణితో రంగు లాగుతారు. తినే సరుకులో ద్రావణి మిగలకూడదన్న పట్టింపుతో కార్బన్ డయాక్సైడ్ రంగంలోకి వచ్చింది. 31 డిగ్రీల వేడి, సుమారు 73 వాతావరణ పీడనాలు దాటితే అది వాయువులా చొరబడుతుంది, ద్రవంలా కరిగిస్తుంది. కాస్త ఇథనాల్ కలిపితే అస్టాజాంతిన్ మరింత కరుగుతుంది.

రంగు బాగా దిగాలంటే ఎంత వేడి, ఎంత పీడనం, ఎంతసేపు, ఎంత ఇథనాల్? నాలుగింటికీ మూడేసి స్థాయిలు పెట్టుకుంటే 81 ప్రయోగాలు. ఇక్కడ మనవాడొకరు అక్కరకు వస్తారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సంఖ్యాశాస్త్రవేత్త సి.ఆర్.రావు 1940లలో రూపొందించిన ఆర్థోగొనల్ అర్రే పట్టికలతో, అంటే అన్ని కలయికలకూ బదులు సమతూకంగా ఏరిన కొన్నింటితోనే, ఆ పని 9 ప్రయోగాల్లో కానివ్వవచ్చు. జపాన్ ఇంజినీరు టగుచి ఈ తరహా పట్టికలను కర్మాగారాల్లోకి తీసుకెళ్లారు. ఇంత పొదుపులో వేడీ పీడనమూ ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో సరిగా తేలదు. అందుకు 1951లో బాక్స్, విల్సన్ చూపిన రెస్పాన్స్ సర్ఫేస్ పద్ధతి మేలు; అది ఫలితాన్ని ఒక వంపు తలంగా గీసి దాని శిఖరాన్ని వెతుకుతుంది.

దిగిన సారం యాంటీఆక్సిడెంటుగా ఎంత బలమైనదో చూడటానికి డీపీపీహెచ్ అనే రసాయనం వాడతారు. దాని ఊదా రంగు ద్రావణంలో సారం నాలుగు చుక్కలు వేస్తే పసుపుకు తిరుగుతుంది, బలం తెలుస్తుంది. వేడి పెంచినప్పుడు సారం ఎక్కువ దిగినా ఆ ఊదా రంగు మునుపటిలా విరగకపోవచ్చు, ఎందుకంటే అస్టాజాంతిన్ వేడికి చెడుతుంది. కాబట్టి సారం బరువు చూసి మురిసే పరిశోధన పత్రాలను నేను కొంచెం అనుమానంగానే చదువుతాను. పైగా అక్కడ తేలిన ఉత్తమ అంకె ఆ ఒక్క పొడికి, ఆ గోడ దళసరికి చెందినది. ఆ పొడిని ఎండబెట్టడానికి అయిన కరెంటు ఖర్చుకు పట్టికలో గడి కనిపించడం అరుదు.