కొండల వరసంతా ఒకే ఫొటోలో

పిల్లలూ,

మొన్న సెలవుల్లో కొండెక్కి వచ్చాక మీలో ఒకరు నాకిలా రాశారు: "తాతయ్యా, పైనుంచి చూస్తే కొండలు ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఉన్నాయి. ఫొటోలో మాత్రం ఒక ముక్కే వచ్చింది. జూమ్ మొత్తం వెనక్కి తిప్పితే కాస్త ఎక్కువ వచ్చింది గానీ, కొండలు మరీ చిన్నవైపోయాయి. ఏ లెన్స్ కొంటే అంతా వస్తుంది?" ఈ అనుమానం మిగతావాళ్లకీ వచ్చే ఉంటుంది కాబట్టి అందరికీ కలిపి రాస్తున్నాను.

కొత్త లెన్స్ అక్కర్లేదు. ఉన్నదానితోనే వస్తుంది.

జూమ్ లెన్స్ మీద 18-55 అనో, 24-70 అనో, 70-200 అనో రెండు అంకెలు ఉంటాయి. అవి మిల్లీమీటర్లలో ఫోకల్ లెంగ్త్. ఆ లెక్కల జోలికి ఇప్పుడు పోను. అంకె తగ్గితే ఎక్కువ వెడల్పు పడుతుంది, పెరిగితే దూరపు వస్తువు పెద్దగా పడుతుంది. ఇంత గుర్తుంటే చాలు. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో, అంటే వెలుగును పట్టే సెన్సార్ పాత ఫిల్మ్ అంత పెద్దగా ఉండే కెమెరాలో, 24 దగ్గర పెడితే అడ్డంగా 74 డిగ్రీలు వస్తుంది. 50 దగ్గర 40 డిగ్రీలు, 200 దగ్గర పదే. మీరు చూసిన కొండల వరస సగం చుట్టు, అంటే 180 డిగ్రీలు. బాగా వైడ్ అనిపించుకునే 14 మిల్లీమీటర్ల లెన్స్ కూడా 104 దగ్గరే ఆగిపోతుంది. అందుకే ముక్కలు ముక్కలుగా తీసి అతికించుకోవాలి. అలా అతికించిన వెడల్పాటి ఫొటోనే పనోరమా అంటారు.

నా చిన్నప్పుడు మాది పెంకుటిల్లు. వానలకు ముందు పాత పెంకులు దింపి, పగిలినవి ఏరేసి, మళ్లీ కప్పించేవారు. కింద నిలబడి పెంకులు అందించడం నా పని. కప్పే ఆయన చూరు దగ్గర మొదలుపెట్టి పైకి వెళ్లేవాడు. పై పెంకు కింది పెంకు మీదికి నాలుగు వేళ్ల మేర ఎక్కాల్సిందే. "అంచుకు అంచు ఆనిస్తే చూడ్డానికి బాగానే ఉంటుందిరా అబ్బాయ్, తొలి వానకే ఇల్లు కురుస్తుంది" అనేవాడు. వేరే బట్టీ పెంకు ఒక్కటి కలిపి ఇచ్చినా వెనక్కి ఇచ్చేసేవాడు. రవ్వంత సైజు తేడా ఉన్నా కొప్పు దగ్గరికి వచ్చేసరికి వరస వంకరపోతుందట. వేలితో తట్టి, ఆ మోత వినే పెంకులో పగులు ఉందో లేదో చెప్పేవాడు. ఆయన భోజనానికి దిగినప్పుడు నేను మెల్లగా నిచ్చెన ఎక్కేవాణ్ణి. సగం కప్పిన ఇంట్లోకి పైనుంచి చూస్తే, కింద మా అమ్మ ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరుగుతూ కనిపించేది. మన ఇంటినే మనం అలా చూడటం ఎంత వింతగా ఉండేదో!

పనోరమా అంటే ఆ పెంకుల కప్పే పిల్లలూ. ఒక్కో ఫొటో ఒక్కో పెంకు. ప్రతి ఫొటో పక్క ఫొటో మీదికి మూడో వంతు ఎక్కాలి. రెండింటిలోనూ ఉన్న ఒకే రాయి, ఒకే కొమ్మ ఆధారంగా సాఫ్ట్‌వేర్ వాటిని జతచేస్తుంది. అంచుకు అంచు ఆనించి తీస్తే దానికి ఆధారమే దొరకదు, కప్పు కురిసినట్టే.

పెంకులన్నీ ఒకే సైజులో ఉండాలి కదా. అంటే మొదటి ఫొటో నుంచి చివరిదాకా జూమ్ రింగ్ కదలకూడదు. కొన్ని బరువైన జూమ్ లెన్సులు కిందికి వంచితే వాటంతటవే జారి అంకె మారిపోతుంది. కొన్నిటికి లాక్ బటన్ ఉంటుంది. లేకపోతే రింగ్ మీద చిన్న టేపు ముక్క అంటించండి.

ఇక రంగు. ఆటోలో వదిలేస్తే సూర్యుడి వైపు తిరిగినప్పుడు కెమెరా వెలుగు తగ్గిస్తుంది, ఇటు తిరిగినప్పుడు పెంచుతుంది. అతికించాక ఆకాశం చారలు చారలుగా తేలుతుంది. అందుకని మాన్యువల్ మోడ్ పెట్టి, అపెర్చర్ (లెన్స్‌లో వెలుగు లోపలికి వచ్చే రంధ్రం) ఎఫ్ 8 దగ్గర ఉంచి, రంగుల ఛాయను సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ని ఎండ గుర్తు మీద పెట్టండి. ఫోకస్ ఒకసారి కుదిరాక దాన్నీ మాన్యువల్‌కి మార్చేయండి. చాలా ఫోన్లలో తెర మీద వేలు అలాగే నొక్కి ఉంచితే ఫోకస్, వెలుగు రెండూ లాక్ అవుతాయి. పోలరైజర్ ఫిల్టర్ ఉంటే తీసి సంచిలో పెట్టండి. అది ఆకాశాన్ని ఒకచోట ముదురుగా, ఒకచోట లేతగా చేస్తుంది.

ఈ జాగ్రత్తలు అంగారకుడి మీద కూడా తప్పలేదు. 2019 నవంబరు 24 నుంచి డిసెంబరు 1 లోపల అక్కడ తిరిగే నాసా బండి క్యూరియాసిటీ రోవర్ వెయ్యికి పైగా ఫొటోలు తీసింది. అవన్నీ అతికిస్తే 180 కోట్ల పిక్సెళ్ల పనోరమా అయింది. వెలుగు ఒకేలా ఉండాలని, రోజూ అక్కడి మధ్యాహ్నం 12 నుంచి 2 గంటల మధ్యే తీయించారు. ఆ రోవర్ కెమెరాలకు జూమ్ లేదు. ఒకటి 34 మిల్లీమీటర్లు, ఇంకొకటి 100. తర్వాత 2021 ఫిబ్రవరి 18న దిగిన ఇంకో రోవర్ పర్సెవరెన్స్‌కి 26 నుంచి 110 మిల్లీమీటర్ల దాకా కదిలే జూమ్ కెమెరాలు అమర్చారు. దిగిన కొద్ది రోజులకే అది 142 ఫొటోలతో చుట్టూ 360 డిగ్రీలూ చూపించింది. అంత దూరం పంపిన కెమెరాతో కూడా ఓపిగ్గా ఒక్కో ముక్కే తీశారు చూడండి. మనకేమో ఒక్క నొక్కుకే అంతా వచ్చేయాలని తొందర!

ముక్కలుగా తీస్తే ఇంకో లాభం, చిన్న చిన్న వివరాలు కూడా దక్కుతాయి. 1848లో చార్లెస్ ఫాంటేన్, విలియం పోర్టర్ అనే ఇద్దరు ఒహాయో నది అవతలి ఒడ్డు నుంచి సిన్సినాటి నగరాన్ని ఎనిమిది పలకల మీద ముక్కలు ముక్కలుగా తీశారు. వెండి పూత పూసిన రాగి పలకలవి. ఇటీవలి కాలంలో వాటిని మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే దూరంగా ఉన్న గడియారంలో టైమ్ కూడా కనిపించింది!

మీరు తీసేటప్పుడు కెమెరాను నిలువుగా పట్టుకోండి. 50 మిల్లీమీటర్ల దగ్గర నిలువుగా పట్టుకుంటే ఒక్కో ఫొటోకి 27 డిగ్రీలు వస్తుంది. మూడో వంతు కలవాలి కాబట్టి ప్రతిసారీ 18 డిగ్రీలు తిరగాలి. పది ఫొటోలతో సగం చుట్టు అయిపోతుంది. 24 మెగాపిక్సెళ్ల కెమెరా అయితే చివరి బొమ్మ వెడల్పు సుమారు 28 వేల పిక్సెళ్లు ఉంటుంది. చిన్న సెన్సార్ కెమెరా, 18-55 లెన్స్ ఉన్నవాళ్లు 35 దగ్గర పెడితే దాదాపు ఇదే లెక్క. అతికాక పైనా కిందా అంచులు వంకరగా వస్తాయి. చూరు సరిచేసినట్టు వాటిని కత్తిరించాలి. అందుకే ముందే పైనా కిందా కొంచెం చోటు వదలండి.

లెన్స్ కొనే ఆలోచన ఇంకా పోలేదా? అయితే "ఎన్ని రెట్లు జూమ్?" అని మాత్రం అడగకండి. ఇంతవరకు తీసిన ఫొటోల వివరాలు తెరిచి చూడండి, ప్రతిదానికీ ఏ ఫోకల్ లెంగ్త్‌లో తీశారో ఉంటుంది. ఎక్కువసార్లు ఏ అంకె కనిపిస్తే అది మధ్యలో పడే లెన్స్ మంచిది. చాలా జూమ్ లెన్సుల్లో వైడ్ చివర గీతలు బయటికి ఉబ్బుతాయి, రెండో చివర లోపలికి నొక్కుకుపోతాయి. మధ్యలో ఎక్కడో తిన్నగా ఉంటాయి. పగటి పనోరమాలకు, రంధ్రం బాగా పెద్దగా తెరుచుకునే ఎఫ్ 2.8 లెన్స్ బరువు మోయాల్సిన పని లేదు, ఎలాగూ ఎఫ్ 8 దగ్గరే తీస్తాం. ఫోన్‌లో ఉండే డిజిటల్ జూమ్ ఫొటోను కత్తిరించి పెద్దది చేయడమే. దాన్ని నమ్ముకోవద్దు.

అతికించే సాఫ్ట్‌వేర్ కోసం ఇంకెక్కడా వెతక్కండి, హగిన్ అనేది ఉచితంగానే దొరుకుతుంది. వేల ఆకుల్లో ఈ ఆకూ ఆ ఆకూ ఒకటేనని అది ఎలా పోల్చుకుంటుందో చెప్పాలంటే ఈ ఉత్తరం చాలదు. నాకైతే ప్రతిసారీ ఆశ్చర్యమే.

ఒక పని చేయండి. వేలిని ముఖానికి దగ్గరగా పెట్టి ఒక కన్ను మూయండి, తర్వాత రెండో కన్ను మూయండి. వేలు వెనక గోడ మీద జరిగినట్టు కనిపిస్తుంది. చూసే చోటు మారితే దగ్గరి వస్తువు, దూరపు వస్తువు ఒకే విధంగా జరగవు. పనోరమాలో కంచెలు విరిగినట్టు వచ్చేది ఇందుకే. కెమెరా లెన్స్‌లోకి ముందునుంచి చూస్తే లోపల గుండ్రటి చిన్న రంధ్రం కనిపిస్తుంది. తిరిగేటప్పుడు ఆ రంధ్రం ఉన్న చోటు కదలకూడదు. జూమ్ తిప్పితే ఆ చోటు కూడా మారుతుంది, అదీ చూడండి. దూరపు కొండలకు ఇంత పట్టింపు అక్కర్లేదు.

రేపు దగ్గరగా ఏదైనా కంచో, కిటికీ ఊచలో ఉన్నచోట నిలబడి రెండు వరసలు తీయండి. మొదటిసారి చేయి చాచి ఫోన్ పట్టుకుని మీరు గిర్రున తిరగండి. రెండోసారి ఫోన్ ఉన్నచోటే ఉంచి, దాని చుట్టూ మీరు నడవండి. ప్రతి వరసకూ ముందూ వెనకా మీ అరచేతిని ఒక ఫొటో తీసి పెట్టుకోండి, తర్వాత ఏది ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. రెండూ అతికించి పక్కపక్కన పెట్టి చూసి, ఊచలు ఎక్కడ తెగాయో నాకు రాయండి.

మీ తాతయ్య