బొబ్బ పక్కనున్న చర్మాన్ని అడగాలి

ఒంటిమీద బొబ్బ లేవడానికి కారణాలు బోలెడు. వేడినూనె చిందినా, హెర్పిస్ సోకినా, ఏదైనా మందు పడకపోయినా లేస్తుంది. వీటి మధ్య అరుదైన రకం ఇంకోటి ఉంది. రోగనిరోధక వ్యవస్థ పొరబడి, చర్మాన్ని పట్టి ఉంచే సొంత ప్రోటీన్ల మీదే యాంటీబాడీలు తయారుచేస్తుంది. పట్టు వదిలిన చోట నీరు చేరి బొబ్బ అవుతుంది. దాడి ఏ ప్రోటీన్ మీద అన్నదాన్ని బట్టి జబ్బు పేరూ, వైద్యమూ మారిపోతాయి.

పెంఫిగస్ వల్గారిస్ అనే జబ్బులో ఆ ప్రోటీన్ డెస్మోగ్లీన్ 3. చాలామందిలో డెస్మోగ్లీన్ 1 కూడా. పైచర్మంలో కణానికీ కణానికీ మధ్య అతుకు వీటిదే. అందుకే బొబ్బ పల్చగా ఉండి ఇట్టే చిట్లిపోతుంది, పచ్చిపుండు మిగులుతుంది. నోటి లోపలి పొరకు డెస్మోగ్లీన్ 3 కీలకం కాబట్టి జబ్బు తరచు అక్కడే మొదలవుతుంది. ఒంటిమీద ఒక్క బొబ్బా లేకుండా, నెలల తరబడి మానని నోటిపుళ్లకు విటమిన్ మాత్రలు మింగుతూ తిరిగేవాళ్లు ఉంటారు.

బుల్లస్ పెంఫిగాయిడ్ దారి వేరు. ఎక్కువగా అరవై దాటినవాళ్లలో వస్తుంది. పైచర్మాన్ని కిందిపొరకు పట్టి ఉంచే బీపీ180, బీపీ230 అనే ప్రోటీన్లు దెబ్బతింటాయి. చీలిక లోతుగా ఉంటుంది కనుక బొబ్బ బిగుతుగా నిలుస్తుంది. చిక్కేమిటంటే, బొబ్బలకు ముందు వారాలో నెలలో ఉత్త దురదే ఉండొచ్చు. వయసు మీదపడి చర్మం పొడిబారిందిలే అని సరిపెట్టుకుంటారు. షుగర్‌కు వాడే గ్లిప్టిన్ మందులకు ఈ జబ్బుతో సంబంధం కనిపించింది కాబట్టి వాడుతున్న మందులన్నీ డాక్టర్‌కు చెప్పాలి. ఈ రెండూ వేర్వేరు జబ్బులని చర్మవైద్యుడు వాల్టర్ లీవర్ 1953లో మైక్రోస్కోప్ ఆధారంగా తేల్చేదాకా వీటిని ఒకే గాటన కట్టేవారు.

చూపుతోనూ వేలితోనూ కొంత తెలుస్తుంది. బాగున్నట్టు కనిపించే చర్మాన్ని రుద్దితే పైపొర జారి ఊడివస్తే దాన్ని నికోల్‌స్కీ గుర్తు అంటారు. పెంఫిగస్‌లో అది కనిపిస్తుంది. కొన్ని తీవ్రమైన మందుల రియాక్షన్లలోనూ కనిపిస్తుంది కాబట్టి దాన్నే నమ్ముకోలేం.

అసలు తేల్చేది బయాప్సీ, అంటే చిన్న చర్మపు ముక్క తీసి చేసే పరీక్ష. అదీ రెండు ముక్కలు. మొదటిది కొత్తగా లేచిన బొబ్బ అంచు నుంచి తీసి, ముక్క కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్‌లో వేస్తారు. చర్మం ఏ పొర దగ్గర చీలిందో అది చూపిస్తుంది. రెండోది బొబ్బ నుంచి కాదు, దాని పక్కనే చెక్కుచెదరని చర్మం నుంచి, సాధారణంగా ఒక సెంటీమీటరు లోపు తీస్తారు. బొబ్బ ఉన్నచోట వాపు, కణనష్టం వల్ల యాంటీబాడీల జాడ చెరిగిపోయి ఉండొచ్చు. ఈ ముక్క ఫార్మలిన్‌లో పడకూడదు. పడితే ప్రోటీన్ల రూపం మారి పరీక్ష పనికిరాకుండా పోతుంది. ప్రోటీన్లను చెడకుండా కాపాడే మిషెల్ ద్రావణంలో పంపాలి, త్వరగా ల్యాబ్ చేరేటట్లయితే సెలైన్‌లో అయినా ఫరవాలేదు. ఇంత ఖరీదైన పరీక్ష తప్పు సీసా వల్ల వృథా కావడం నిజంగా బాధాకరం.

ల్యాబ్‌లో ఆ ముక్కకు మెరిసే రంగు తగిలించిన యాంటీబాడీలు కలిపి చూస్తారు. పెంఫిగస్ అయితే కణాల చుట్టూ చేపలవలలా వెలుగు కనిపిస్తుంది. పెంఫిగాయిడ్ అయితే రెండు పొరలు కలిసే చోట సన్నని గీత. గోధుమల్లో ఉండే గ్లూటెన్‌తో ముడిపడిన డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్ అనే మరో బొబ్బల జబ్బులో కిందిపొర శిఖరాల్లో ఐజీఏ అనే రకం యాంటీబాడీ చుక్కలుగా మెరుస్తుంది.

గీత కనిపించినంత మాత్రాన పని అయిపోదు. ఏడో రకం కొల్లాజెన్ అనే ప్రోటీన్ మీద దాడి జరిగే మరో జబ్బులోనూ గీతే వస్తుంది. ఇక్కడి ఉపాయం నాకు భలే నచ్చుతుంది. మామూలు చర్మాన్ని గాఢమైన ఉప్పునీటిలో నానబెడితే ఆ రెండు పొరల మధ్యే విడిపోతుంది. దానిమీద రోగి సీరం (రక్తంలోని కణాలు తీసేశాక మిగిలే ద్రవం), ఆపైన ఆ మెరిసే యాంటీబాడీలు వేసి చూస్తారు. వెలుగు పైకప్పు వైపు, అంటే విడిన పైపొర వైపు వస్తే పెంఫిగాయిడ్ వైపు, నేల వైపు, అంటే కిందిపొర వైపు వస్తే ఆ రెండో జబ్బు వైపు మొగ్గుతారు.

రక్తంలోనూ ఈ యాంటీబాడీలు ఉంటాయి. పెంఫిగస్ రోగుల సీరంలో వాటిని 1964లో పరిశోధకులు బ్యూట్నర్, జోర్డన్ చూపించారు. ఇప్పుడు ఎలైసా అనే రక్తపరీక్షతో డెస్మోగ్లీన్, బీపీ180 యాంటీబాడీల మోతాదు కూడా కొలుస్తారు. వైద్యం పనిచేస్తోందో లేదో గమనించడానికి ఆ అంకె బాగా ఉపయోగం. కానీ జబ్బు లేని కొందరు వృద్ధుల్లోనూ అది కాస్త ఎక్కువగా రావొచ్చు, ఉన్నవాళ్లలో రాకనూ పోవచ్చు.

కాబట్టి లక్షణాలన్నీ సరిపోతున్నా రిపోర్టు నెగటివ్ అంటే జబ్బు లేదని కొట్టేయకూడదు. ముక్క ఎక్కడ తీశారో, ఏ ద్రవంలో పంపారో ఆరా తీసి, అవసరమైతే మళ్లీ బయాప్సీ చేయించాలి.