ఉప్పెనకి కుడిచేతి వాటం

ఉప్పెనా సునామీ ఒకటేనా అని ఒక పాఠకుడు అడిగారు. కావు. సునామీ సాధారణంగా సముద్రం అడుగున భూకంపంతో పుడుతుంది. దానికి గాలీ వానా అక్కర్లేదు. 2004 డిసెంబరు 26న మన తీరాన్ని తాకింది అదే. ఉప్పెన తుపాను బిడ్డ.

తుపాను కంటి దగ్గర, అంటే నడిమధ్యన, గాలి పీడనం పడిపోతుంది కాబట్టి నీరు పైకి లేస్తుందని చాలామంది సర్దిచెప్పేస్తారు. అబద్ధం కాదు గానీ లెక్క చాలదు. పీడనాన్ని మిల్లీబార్లలో కొలుస్తారు, ఒక మిల్లీబారు తగ్గితే సముద్రం లేచేది ఒక్క సెంటీమీటరు. వంద మిల్లీబార్లు తగ్గినా మీటరే. 1977 నవంబరు 19, శనివారం నాడు దివిసీమ మీద పడింది సుమారు ఐదు మీటర్ల నీరు. పదివేల మందికి పైగా పోయారు. మరి ఆ మిగతా నీళ్లెక్కడివి?

గాలి తోసుకొచ్చినవి. వేడి టీ సాసర్లో పోసి ఊదండి. టీ అవతలి అంచుకి ఎగబాకుతుంది. అదే టీని లోతైన గ్లాసులో ఊదితే పైపొర అవతలికి వెళ్తుంది గానీ, అడుగు నుంచి తిరిగి వచ్చేస్తుంది, మట్టం పెద్దగా మారదు. సాసర్లో ఆ తిరుగుదారి లేదు. పల్చటి నీటిని అడుగు పట్టేస్తుంది. ఇంకాస్త గట్టిగా ఊదితే? వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు. సాసర్లో టీ సగానికి తగ్గిస్తే అదే ఊపుకి అంచు దగ్గర ఎత్తు దాదాపు రెండింతలు. సాసరు వెడల్పు పెరిగినా అంతే, గాలికి తోసే దూరం దొరుకుతుంది. దివిసీమ పక్కనున్న నిజాంపట్నం అఖాతం సాసరు. విశాఖ గ్లాసు, అక్కడ ఒడ్డు దాటగానే లోతు. అందుకే 2014లో హుద్‌హుద్ విశాఖలో చెట్లనీ కరెంటు స్తంభాలనీ పెకలించింది గానీ దివిసీమ తరహా ఉప్పెన తేలేదు.

ఇక కుడి సంగతి. మన అర్ధగోళంలో తుపాను అపసవ్యంగా తిరుగుతుంది. అది నడిచే దిక్కుకి ముఖం పెట్టి నిలబడితే, కుడివైపు గాలి సముద్రం నుంచి ఒడ్డుకి, ఎడమవైపు ఒడ్డు నుంచి సముద్రానికి. పైగా కుడివైపు తుపాను సొంత నడక వేగం కూడా గాలికి కలుస్తుంది. 1977లో అది చీరాల దగ్గర తీరం దాటింది. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ అన్నీ కుడివైపే. ఎడమవైపు ఊళ్లకి గాలీ వానా మిగిలాయి, సముద్రం మాత్రం వెనక్కి నెట్టుకుపోయింది. టీవీలో "ఫలానా ఊరి దగ్గర తీరం దాటింది" అనగానే అందరూ ఆ ఊరినే చూస్తారు. చూడాల్సింది దాని కుడిపక్క ఊళ్లని.

ఉప్పెనకి అమావాస్య గండం అనే మాటని నేను పూర్తిగా కొట్టిపారేయను. అమావాస్య, పున్నాలకి పోటు ఎక్కువ. సుమారు 30,000 మందిని మింగిన బందరు ఉప్పెన 1864 నవంబరు 1 రాత్రి వచ్చింది. అంతకు రెండు రోజుల ముందే అమావాస్య, అంటే పోటు బాగా ఎక్కువగా ఉండే సమయం. దివిసీమది మాత్రం దీపావళి వెళ్లిన ఎనిమిదో రోజు, పోటు అతి తక్కువగా ఉండే దశ. ఆ తుపానే దీపావళి నాటి పోటు మీద వచ్చుంటే నీరు ఇంకో అడుగు ఎత్తున ఉండేది.